తెల్లవారుజామున మాత్రం మసక

కళ్ళజోళ్ల దుకాణం నడిపే మనిషికి మసకంటే ఒళ్లు మంట. ఎదుటివాడి అద్దం మీద వేలిముద్ర కనిపిస్తే చాలు, అడక్కుండానే జేబురుమాలు తీసి తుడిచిపెట్టే రకం. అంతటివాడు ఏరికోరి తన వంటింట్లోకి మసకను తెచ్చుకున్నాడంటే కారణం బావమరిది.

ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన బావమరిది సరాసరి ఆయన గదిలోనే పెట్టె దించాడు. ఆ గదిలోని పడకకుర్చీలో సాయంత్రం పూట కళ్లు మూసుకోవడం ఒక్కటే ఆయనకు మిగిలిన సుఖం. ఇప్పుడు అందులో బావమరిది కళ్లు తెరుచుకుని మరీ పడుకుంటున్నాడు.

ఆ రోజుల్లోనే ఫ్రిజ్‌లో కేకులకు తెగులు పట్టుకుంది. ఇల్లాలు ఆర్డర్ల మీద కేకులు చేసి అమ్ముతుంది. ఎవరి పుట్టినరోజు కేకుకో ఓ మూల ఎగిరిపోతుంటే ఆవిడకు తల కొట్టేసినట్టుగా ఉంది.

"నీ తమ్ముడే," అన్నాడాయన.

"వాడికి తీపంటే గిట్టదు. డాక్టరు తీపి మానెయ్యమన్నది మిమ్మల్ని."

"మానేశాగా. కావాలంటే ఫ్రిజ్ ఎదురుగా కెమెరా పెడతా. నీ తమ్ముడేనని తేలితే ఏం చేస్తావ్?"

"మర్నాడే హాస్టల్లో చేరుస్తా. తేలకపోతే మాత్రం, వాడికి ఉద్యోగం వచ్చేదాకా ఆ గది వాడిదే, కుర్చీతో సహా. మీరు నోరెత్తకూడదు."

నెట్‌తో నడిచే కెమెరా వచ్చింది. ఆయన సెట్టింగుల పేజీ తెరిచి, బొమ్మ ఎంత స్పష్టంగా ఉండాలి, సెకనుకి ఎన్ని బొమ్మలు తియ్యాలి అన్నచోటల్లా మీటను పైకంటా నెట్టాడు. దుకాణంలో కూర్చుని ఫోన్‌లో ఫ్రిజ్ తలుపు మీది గీతలన్నీ చూసుకుని మురిసిపోయాడు.

ఇంట్లో ఉన్న నెట్టంతా ఆ కెమెరాయే తాగేసింది. సరిగ్గా అప్పుడే బావమరిది ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇంటర్వ్యూ ఇస్తున్నాడు. నీ గురించి చెప్పమన్నారు. చెప్పడానికి నోరు తెరిచాడు, బొమ్మ అక్కడే ఆగిపోయింది. అవతలివాళ్లు ఆ ఆవలింత ఎప్పటికి పూర్తవుతుందోనని కాసేపు చూసి, విసుగెత్తి కాల్ పెట్టేశారు.

"వాడి నోటికాడి కూడు తీశారు కదండీ," అంది ఇల్లాలు.

"నెట్‌కి ఇబ్బంది లేకుండా తగ్గిస్తాలే. పొదుపు సెట్టింగులు ఉంటాయి."

తగ్గించబోతుంటే తెలిసింది, ఒక్కో వేళకి ఒక్కో నాణ్యత పెట్టుకోవచ్చని. ఆయన మొహం వెలిగిపోయింది. దాచడమెందుకు, తెల్లవారుజామున అందరూ నిద్రలో ఉండగా ఫ్రిజ్ తలుపు తీసేది మన కళ్ళజోళ్లాయనే. అయితే తాను తినేది గోరంతేననీ, ఇల్లాలు కేకులు ఇచ్చిరావడానికి వెళ్లిన మధ్యాహ్నాల్లో బావమరిది కొండంత తింటున్నాడనీ ఆయన గట్టి నమ్మకం.

తెల్లవారుజామున కెమెరా ఆపేస్తే అనుమానం వస్తుంది. అందుకని మధ్యాహ్నానికి మంచి నాణ్యత, తెల్లవారుజాముకి అట్టడుగు నాణ్యత పెట్టి, ఫ్రిజ్ ముందు నిలబడి పరీక్షించుకున్నాడు. ముక్కు లేదు, కళ్ళజోడు లేదు, మొహం స్థానంలో ఓ ముద్ద. తన మొహం ఆనవాలు దొరకనందుకు అంత పొంగిపోయిన కళ్ళజోళ్ల వ్యాపారి మరొకడు ఉండడు.

ఆదివారం నాడు ఇల్లాలు ఇద్దర్నీ టీవీ ముందు కూర్చోబెట్టి రికార్డింగు పెట్టింది. మధ్యాహ్నం బావమరిది అద్దంలో ఉన్నంత స్పష్టంగా వచ్చాడు. మంచినీళ్లు తాగాడు, గ్లాసు కడిగి బోర్లించాడు, వెళ్లిపోయాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజు గట్టు కూడా తుడిచాడు. కళ్ళజోళ్లాయన తన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

తర్వాత తెల్లవారుజాము వచ్చింది. నల్లటి ముద్ద ఒకటి ఫ్రిజ్ దాకా వెళ్లి, వంగి, తీరిగ్గా నమిలి, వెనక్కి పోయింది.

"ఎవరండీ ఇది?"

"ఎలా చెప్తాం, మొహమే తెలియట్లేదు. నీ తమ్ముడేమో."

"మధ్యాహ్నం అంత బాగా చూసే కెమెరాకి అప్పుడు చూపు మందగించిందేం?"

"పొదుపు పెట్టా. నెట్‌కి ఇబ్బందని నువ్వేగా అన్నావ్."

"అందరం నెట్ వాడుకునేది పగలు. అప్పుడేమో ధారాళంగా పోశారు. అంతా నిద్రపోయే వేళ పొదుపెవరికోసం?"

ఆయన రిమోటు అందుకోబోయాడు.

"పోనీలే అక్కా," అన్నాడు బావమరిది జాలిగా. ఆ జాలే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

"దొంగ మొహం తెలియకపోతేనేం రా. వాడొచ్చే వేళ ముందే తెలిసిన మనిషి ఈ ఇంట్లో ఒక్కరే." ల్యాప్‌టాప్ తెచ్చి మొగుడి ఒళ్లో పెట్టింది. "గది సంగతి తేలిపోయింది. ఇక మీ చేత్తోనే ఆ తెల్లవారుజాము నాణ్యత పెంచండి."

ఆయన మీటను కాస్త జరిపాడు.

"ఇంకాస్త."

జరిపాడు.

"చాలు. ఇప్పుడైతే పొద్దున మీసానికంటిన క్రీము కూడా కనిపిస్తుంది."

ఆయన చెయ్యి ఆయనకు తెలియకుండానే మీసం మీదికి పోయింది.