సొంతంగా మలుపు తిరిగే నౌక

విశ్వంలో ఏ వస్తువైనా ముందస్తు అనుమతితోనే కదలాలన్నది తిరువూరులోని పరిశోధనా ధ్రువీకరణ కార్యాలయం మూల సూత్రం. (గ్రహాలు ఈ కార్యాలయం పుట్టకముందు నుంచీ తిరుగుతున్నందున వాటికి మినహాయింపు ఇచ్చారు.)

డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే పుష్పలతకు ఈ సూత్రం తెలియదు. పరమాణు కేంద్రకం గుండ్రంగా ఉంటుందా, కోలగా ఉంటుందా అని ఆమె పదకొండేళ్ళు లెక్కలు వేసింది. ఆ లెక్కల కోసం రాసుకున్న ప్రోగ్రామే, కొంచెం మారిస్తే, భూమి నుంచి ఆదేశం వచ్చేదాకా ఆగకుండా అంతరిక్ష నౌక తన దారి తానే చూసుకోవడానికి పనికొచ్చింది. బెంగళూరు కంపెనీ ఒకటి దాన్ని తమ నౌకలో పెడతామంది. నెలాఖరులోగా ధ్రువపత్రం పంపితే చాలంది.

"కేంద్రకం పొడవూ వెడల్పూ అడుగుల్లో రాయలేదేంటి మేడం?" అన్నాడు ధ్రువీకరణ కార్యాలయం గుమస్తా జోజిబాబు, ఆమె దరఖాస్తు తిరగేస్తూ.

పుష్పలత దశాంశం తర్వాత పదమూడు సున్నాలు పెట్టి నలభై తొమ్మిది వేసింది.

"గడిలో రెండంకెలే పడతాయండి. రెండూ సున్నాలే. అంటే అసలు లేనట్టే కదండీ."

"లేకపోవడమేంటండి! మీరూ నేనూ వాటితోనే తయారయ్యాం."

"నా సర్వీసు రిజిస్టర్లో అలా లేదండి," అంటూ అతను ఫైలు లోపలికి పంపాడు.

లోపల అధికారి వీరరాఘవయ్య ఫైలు రెండుసార్లు చదివాడు.

"నౌక సొంతంగా నిర్ణయం తీసుకుంటుందని రాశారు. దాని హోదా ఏంటమ్మా?"

"హోదా ఏం లేదు సార్. రాయి ఎదురొస్తే పక్కకి తప్పుకుంటుంది, అంతే."

"ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నేనే సొంతంగా ఒక్క నిర్ణయం తీసుకోలేదమ్మా," అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుంటూ. "నిన్న గాక మొన్న పుట్టిన యంత్రానికి ఆ అధికారం ఎలా ఇస్తాం? తప్పుకునే ముందు దరఖాస్తు పెట్టుకోమనండి."

గడువు నాలుగు రోజులే ఉంది. పదకొండేళ్ళ కష్టాన్ని పుష్పలత వదులుకోలేకపోయింది. క్లాసయ్యాక కూర్చుని, పళ్ళు బిగించి, ప్రోగ్రాములో ఇరవై లైన్లు కలిపింది.

మర్నాడు కార్యాలయం కంప్యూటర్లోనే పరీక్ష జరిగింది. తెర మీద నౌకకు రాయి కనబడింది. నౌక వినయంగా దరఖాస్తు పంపింది. తండ్రి పేరు లేదని జోజిబాబు తిప్పి పంపాడు. పుష్పలత గబగబా తన పేరు కొట్టింది.

"తల్లి పేరుకు గడి వేరే ఉందండి."

"రాయి వచ్చేస్తోందండీ!"

"రానివ్వండి మేడం. భోజనం చేసొచ్చి చూద్దాం."

రాయి తగిలింది. తెర నల్లబడింది. ఇకనైనా వీళ్ళకు అర్థమవుతుందన్న ఆశతో ఆమె వీరరాఘవయ్య వైపు తిరిగింది.

"చూశారా సార్?"

"కళ్ళారా చూశానమ్మా," అన్నాడాయన. ఆ గొంతులో గౌరవం కూడా ఉంది. అప్పటికప్పుడు ధ్రువపత్రం తెప్పించి, ముద్ర వేసి, తన చేత్తోనే రాశాడు:

"సదరు నౌక ముక్కలైపోయే వరకు అనుమతి కోసమే వేచి ఉన్నది. ప్రవర్తన సంతృప్తికరం. ఇతర నౌకలకు ఆదర్శంగా సిఫారసు చేయడమైనది."