జగ్గారావుకు బూజు పడదు

శనివారం జగ్గారావుకు వారపు సెలవు. ఆ పొద్దున్న అతను పెట్టుకున్న పని ఒక్కటే, వేడన్నంలో బీరకాయ కూర కలుపుకు తిని, తుమ్మకుండా కాసేపు పడుకోవడం. ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపే మనిషి రెండు నెలలుగా ఆపకుండా తుమ్ముతున్నాడు. టన్నులకొద్దీ ఇనుము గాలిలో వేలాడుతుండగా పైన కూర్చున్నవాడు తుమ్మితే కిందవాళ్ళ గుండెలు జారిపోతాయి. వైద్యం చేయించుకోకపోతే క్రేన్ మీద నుంచి దించక తప్పదని ఇన్‌చార్జి మెత్తగానే చెప్పాడు.

డాక్టరు పరీక్షలు చేయించి, అతని ఒంటికి బూజు పడటం లేదని తేల్చాడు. పచ్చళ్ళు, ఎండుచేపలు, బ్రెడ్డు, పులిసిన పెరుగు, నిన్నటి కూర ముట్టుకోవద్దని, ఏ పూటకు ఆ పూట వండినది తాజాగా తినమని చెప్పాడు. భార్య జ్యోతిర్మయి ఆ జాబితాను ఫ్రిజ్ మీద అంటించి, వంట చేసిపెట్టి, తాను పాఠాలు చెప్పే బడికి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళిందో లేదో, ఆనందపురం నుంచి అత్తగారు అసిరమ్మ ఆవకాయ జాడీతో దిగింది. కూర్మన్నపాలెంలో బస్సు దిగి, జాడీని చంకనెత్తుకుని మూడంతస్తులు ఎక్కిన మనిషి, మంచినీళ్ళయినా తాగకుండా అల్లుడి కంచం ముందు కూర్చుని మూత విప్పింది.

పదకొండేళ్ళుగా జగ్గారావు ఆవిడ ఆవకాయను కాదనలేదు. ఇప్పుడూ నోరు రాలేదు. అందుకని కాస్త చుట్టు తిప్పి చెప్పాడు.

"డాక్టరు ఒక మాట సెప్పినాడత్తా. నాకు బూజు పడదంట."

అసిరమ్మ చెయ్యి ఆగింది. మెల్లగా తలెత్తి కప్పు వంక చూసింది. మూలల్లో సాలెగూళ్ళు ఊగుతున్నాయి. తన కూతురి శుభ్రం గురించి అల్లుడు ఇంత మర్యాదగా చెప్పడం ఆవిడకు ముల్లులా గుచ్చుకుంది.

"పిల్లకి ఉద్యోగంతో తీరికేదీ బాబూ. నాను సూసుకుంటాను," అని జాడీ మూత పెట్టేసింది.

ఎంత సులువుగా అర్థం చేసుకుందో అని జగ్గారావు పొంగిపోయాడు. అన్నం తిని లేచేసరికి ఆవిడ కొంగు నడుముకు దోపుకుని, చీపురును కర్రకు కట్టి, అటకల మీద పడింది. పరుపులు, దిండ్లు, దుప్పట్లు ఒక్కొక్కటే వరండాలోకి వెళ్ళాయి. ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్మంతా జగ్గారావు మీదకు దిగింది. వద్దని చెప్పడానికి నోరు తెరిచినప్పుడల్లా మాటకు బదులు తుమ్మే వచ్చింది. ముప్ఫై దాటాక లెక్క మానేసి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

ఎదురింటి భ్రమరాంబ వరండాలో పరుపులు చూసి, ఏమైందని అడిగింది.

"బాబుకి బూజంట. డాక్టరు సెప్పీసినాడు," అని అసిరమ్మ నిట్టూర్చింది.

భ్రమరాంబ రెండడుగులు వెనక్కి వేసింది. కరోనా రోజుల్లో బ్లాక్ ఫంగస్ గురించి టీవీలో చూసినదంతా ఆమెకు గుర్తొచ్చింది. పరుపులు కూడా బయట పారేశారంటే సంగతి ముదిరినట్టే. వెంటనే ప్లాంటులో ఉన్న భర్తకు ఫోన్ చేసింది. క్యాంటీన్ దాటేసరికి ఆ బూజు జగ్గారావు ఊపిరితిత్తులకు పాకింది. షిఫ్టు ఆఫీసు చేరేసరికి మెదడుకు ఎక్కింది.

మధ్యాహ్నానికి యూనియన్ దుర్గారావు మరో నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. అందరి ముక్కులకూ జేబురుమాళ్ళు, అందరి చేతుల్లోనూ రోగిని చూడటానికి తెచ్చే బ్రెడ్డు ప్యాకెట్లు. ఎర్రబడి ధారకట్టిన జగ్గారావు కళ్ళు చూసి దుర్గారావు గడప దగ్గరే ఆగిపోయాడు.

"నాకేటీ కాలేదు బావా," అన్నాడు జగ్గారావు, ముక్కు చీదుకుంటూ.

"ధైర్యంగా ఉండు బావా. ఇక నువ్వు క్రేనెక్కలేవని ఇన్‌చార్జికి సెప్పీసినాను. నీ బదులు ఇంకొకడిని ఏసీమన్నాను."

రెండు నెలలుగా ఏ మాట వినాల్సి వస్తుందోనని భయపడుతున్నాడో, ఆ మాటే స్నేహితుడు ప్రేమగా మోసుకొచ్చి ఇచ్చాడు. ఈసారి జగ్గారావు కళ్ళలో నీళ్ళకు దుమ్ముతో సంబంధం లేదు.

అప్పుడే జ్యోతిర్మయి ఆటో దిగి, ఏడుస్తూ మెట్లెక్కి వచ్చింది. మీ ఆయనకు సీరియస్‌గా ఉందని బడికి ఎవరో ఫోన్ చేశారట. భర్త నిలబడే ఉండటం చూసి ఊపిరి తీసుకుంది. తర్వాత బ్రెడ్డు ప్యాకెట్లను, అటక మీద నుంచి తొంగిచూస్తున్న తల్లిని చూసి, ఆ బూజు ఏ బూజో, డాక్టరు ఏమేం వద్దన్నాడో అందరికీ పాఠంలా విడమరిచి చెప్పింది. దుర్గారావు రుమాలు దించి, అప్పటికప్పుడే ఇన్‌చార్జికి ఫోన్ కలిపాడు. సోమవారం డాక్టరు కాగితం చూపిస్తే ఎప్పటి క్రేన్ అతనికే అని జవాబొచ్చింది.

అసిరమ్మ మాత్రం వంటింట్లో జాడీ పక్కన కూలబడింది. తన చేతి పచ్చడే అల్లుడికి ఇంత చేటు చేసిందనుకునేసరికి ఆవిడ మొహం చిన్నబోయింది. జగ్గారావు వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ముందే సెప్పుంటే అయిపోను కదా బాబూ."

"నువ్వేటనుకుంటావోనని, అత్తా."

"ఆవకాయ నాకూ పడదు బాబూ. నోట ఎడితే కడుపంతా మంటే. కొత్తల్లుడివై వొచ్చినప్పుడు మూడుసార్లు ఏయించుకున్నావని, నీకోసరమే ఏటేటా పెడతన్నాను."

"మొగమాటానికి ఏయించుకున్నానత్తా," అన్నాడు జగ్గారావు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది అసిరమ్మే. జాడీ దుర్గారావు ఇంటికి వెళ్ళింది. ఇకమీదట అల్లుడికి తాజావి తప్ప తేనని మాటిచ్చి, సాయంత్రం బస్సుకు ఆవిడ ఆనందపురం వెళ్ళిపోయింది.

పదిహేను రోజులు వేడివేడిగా తిన్నాక జగ్గారావు తుమ్ములు తగ్గుముఖం పట్టాయి. ఆ ఆదివారమే అసిరమ్మ మళ్ళీ మూడంతస్తులెక్కి వచ్చి, చంకలోని నాటుకోడిని హాల్లోకి వదిలింది. అంతకంటే తాజాగా ఆనందపురంలో ఏదీ దొరకలేదట.