నీళ్ళోసుకున్న కంప్యూటర్

మా ఇంట్లో ఎంతకాలంగానో తెగని వ్యాజ్యం ఒకటి ఉండేది. మావారు గురక పెడతారని నా అభియోగం. పెట్టనని ఆయన వాదన.

"అది గురక కాదోయ్. గోడ అవతల కోడలి కంప్యూటర్ ఫ్యాను" అనేవారు.

ఆ గోడ అవతల మా కోడలి పనిగది. ఆమె భవనాలకు నమూనాలు గీస్తుంది. గీతలను నిజమైన ఇంటి ఫొటోలాగా మార్చేటప్పుడు ఆ యంత్రం వేడెక్కి, దాని ఫ్యాను విమానంలా గర్జిస్తుంది. అందువల్ల ప్రతివాదికి ఎప్పుడూ సంశయలాభం దక్కేది. నిర్దోషి కావడం వేరు, సాక్ష్యం చాలకపోవడం వేరు. ఈ తేడా ఆయనకు తెలియదు, నాకు తెలుసు.

మావారు నీటి సరఫరా శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశారు. వీధిలో ఆయన్ను కొళాయి పండితుడంటారు. ఆయనకొక నియమం ఉంది. కొత్త వస్తువు ఏది కొన్నా, దాని మీది ప్లాస్టిక్ కవరు తీయరు. మా టీవీ రిమోటు కవర్లోంచే పనిచేస్తుంది. మా కుర్చీల్లో ఎవరు కూర్చున్నా అప్పడం విరిగినట్టు చప్పుడవుతుంది. ఆయన చేతి గడియారం అద్దం మీది పొర మసకబారి, మూడైందో ఎనిమిదైందో మేమే చెప్పాలి. నన్ను కవరు లేకుండా పంపడం మా పుట్టింటివారి అజాగ్రత్త అని ఒకసారి అన్నారు కూడా.

ఆ రోజు కోడలు పొద్దున్నే హడావిడిగా బయలుదేరింది. పిల్లల గ్రంథాలయం ఒకటి కట్టడానికి నమూనాలు అడిగారు. అంతవరకూ ఇతరుల సంస్థల కోసం గీసిన ఆ పిల్ల, మొదటిసారి సొంత పేరు మీద గీసింది. స్థలం చివరిసారి చూసి రావాలట.

"అత్తయ్యా, వచ్చాక బొమ్మలు తీసి ఆరు లోపల పంపేయాలి. ఒక్క నిమిషం దాటినా తీసుకోరు. నేనొచ్చేదాకా ఆ గదిలోకి ఎవర్నీ వెళ్ళనివ్వకండి."

"నాదీ పూచీ" అన్నాను.

నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి కంప్యూటర్ పక్క రేకు ఊడి గోడకు ఆనించి ఉంది. మావారు స్క్రూడ్రైవరుతో దాని లోపలికి తల దూర్చి ఉన్నారు.

"ఏం చేస్తున్నారు?"

"మేలు."

"ఎవరికి?"

"నీకే. న్యాయం న్యాయం అంటావుగా! ఈ ఫ్యాను నోరు మూయిస్తే, గురక ఎవరిదో తేలిపోతుంది. నీ నోరూ మూతపడుతుంది."

ఎప్పుడు తెప్పించారో, మంచం కింద దాచిన పెట్టెలోని సరంజామా అంతా నేల మీద పరిచి ఉంది. గాలితో చల్లబరిస్తే చప్పుడట, నీళ్ళతో అయితే నిశ్శబ్దమట. వేడెక్కే చిప్ నెత్తిన రాగి దిమ్మ ఒకటి కూర్చోబెడతారు. అందులో తిరిగే నీళ్ళు వేడిని మోసుకుపోయి, పైన రేడియేటర్లో దించేసి, చల్లబడి మళ్ళీ వస్తాయి.

"ఊరంతటికీ నీళ్ళిచ్చినవాణ్ణి, ఒక పెట్టెకు ఇవ్వలేనా?"

"మీరు ఊరికి నీళ్ళిచ్చిన రోజుల్లో, జనం బిందెలు పట్టుకుని మన గుమ్మంలో కూర్చునేవారు. ముందు ఆ పాత ఫ్యాను బిగించండి. పిల్లకివాళ గడువుంది."

"ఇక బిగించలేను. దాని కింద చిప్ వేడిని పైకి లాగే ముద్ద ఉంటుంది, అది తుడిచేశాను. కొత్త ముద్ద ఒక్కదానికే సరిపోతుంది."

పాత ఫ్యాను అప్పటికే చక్కగా కవర్లో చుట్టి ఉంది. నేనిచ్చిన పూచీ నా కళ్ళ ముందే భాగాలుగా ఊడి పడి ఉంది. ఇక ముందుకు పోవడం తప్ప దారి లేదు.

ఆయన చిప్ మీద కందిగింజంత బూడిదరంగు ముద్ద పెట్టి, రాగి దిమ్మను బిగించారు. గొట్టాలు కలిపారు. ప్రతి అతుకు కింద నేను తెల్ల కాగితాలు పరిచాను. ఎర్రటి ద్రవం పోసి, పంపు ఒక్కటే నడిపారు. ఒక్క చుక్క కారినా కోడలి యంత్రమూ, నా మాటా, ఆ గ్రంథాలయమూ కలిసి మునుగుతాయి. మేమిద్దరం మోకాళ్ళ మీద కూర్చుని కాగితాల వంక చూశాం. మా పెళ్ళైనప్పటి నుంచి ఇద్దరం ఒకే వైపు అంతసేపు చూడటం అదే మొదటిసారి.

చుక్క కారలేదు.

"చూశావా, పనితనం!" అంటుండగానే ఫోను మోగింది. ఆయన అక్కగారు. ఏ వార్తైనా ఆవిడ చెవిలో పడితే వీధివీధికీ చేరుతుంది గనుక, టముకు వదినగారని పేరు. మావారి పెదాల మధ్య అప్పటికింకా ఒక స్క్రూ ఇరుక్కుని ఉంది.

"కోడలేం చేస్తోందిరా?"

"కోడలిది నీళ్ళోసుకుంది అక్కయ్యా! ఇప్పుడే! ఇక ఇల్లంతా చల్లగా ఉంటుంది!"

స్క్రూ అడ్డుపడి 'కోడలిది' కాస్తా 'కోడలు' అయింది. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు. వదినగారికి సగం వాక్యం చాలు, మిగతాది ఆవిడే సమకూర్చుకుంటారు.

కోడలు వచ్చింది. నేను దాచలేదు. జరిగింది జరిగినట్టు, నా పూచీ తప్పిన సంగతితో సహా చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది.

"మామయ్యా... ఇవాళా?"

"చుక్క కారలేదమ్మా. పరీక్షించే చెబుతున్నా."

ఆమె కూర్చుని పని మొదలుపెట్టింది. నిజమే, చప్పుడు లేదు. తెర మూలన వేడిని చూపే అంకె మాత్రం ఒకటుంది. యాభై. డెబ్భై. ఎనభై అయిదు.

"మామయ్యా, ఎక్కుతోంది."

"గాలి బుడగలమ్మా. పెట్టె కాస్త వంచుదాం."

వంచారు. తొంభై. పంపు వేగం పెంచారు. తొంభై ఎనిమిది. తెర నల్లబడింది. యంత్రం తనంతట తానే ఆరిపోయింది.

మళ్ళీ వెలిగించారు. మళ్ళీ ఆరిపోయింది. గోడ గడియారం అయిదుకు దగ్గరపడుతోంది. దానికి కవరు లేదు, నేను తీయించాను.

"నీళ్ళు తిరుగుతున్నాయా?" అన్నాను.

"తిరుగుతున్నాయి."

"కారడం లేదా?"

"లేదు."

"మరెందుకు చల్లబడదు?"

"అదే... అంటే... ఒక్కోసారి లైన్లో..." ఊరికి నీళ్ళిచ్చిన మనిషి నీళ్ళు నమలడం మొదలుపెట్టారు.

కోడలు స్క్రూడ్రైవరు తీసుకుని బల్ల కిందికి దూరింది. సరిగ్గా అప్పుడే టముకు వదినగారు సంచీ నిండా పళ్ళతో, చంకలో కొత్త దుప్పటితో లోపలికి వచ్చారు.

"అయ్యో అయ్యో! ఈ స్థితిలో పిల్లను బల్ల కింద దూర్చారా? లే తల్లీ, లే! ఎన్నో నెలరా తమ్ముడూ?"

"నెలేమిటక్కయ్యా, గంట కాలేదు" అన్నారు మావారు, తెర మీది నుంచి చూపు తిప్పకుండానే. "అప్పుడే వేడెక్కిపోతోంది."

"ఒళ్ళు వేడెక్కిందా! డాక్టరును పిలిచారా?"

"నేనుండగా డాక్టరెందుకు? అంతా నా చేతులతోనే చేశాను."

వదినగారు కుర్చీలో కూలబడ్డారు. కుర్చీ ఫెళఫెళమంది.

"ఎవరికైనా చెప్పారా?" అని నేను అడిగాను.

"మంచి మాట దాస్తామా? దారిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. ముందీ దుప్పటి పిల్లకు కప్పండి. కవరు తీసివ్వరా!"

"కవరు తీయడమెందుకక్కయ్యా? కొత్త వస్తువు, పాడైపోతుంది. పైనించే కప్పుకోవచ్చు."

బల్ల కింద చప్పుడు ఆగిపోయింది. కోడలి తల మెల్లగా బయటికి వచ్చింది.

"మామయ్యా."

"ఏమ్మా?"

"ఆ రాగి దిమ్మ అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. తీసి బిగించారా?"

ఆయన నా వంక చూశారు. దుప్పటి వంక చూశారు. గడియారం పొరను బొటనవేలితో నిమురుకున్నారు.

"మంచి రాగి కదమ్మా... గీతలు పడతాయని..."

మిగిలినదంతా ఊపిరి బిగబట్టుకుని చూశాం. కోడలు దిమ్మను విప్పింది. అడుగున పొర. దాని మీద 'బిగించే ముందు తీసివేయండి' అనే అర్థంలో ఎర్రటి అక్షరాలు. పొర లాగేసి, అదే ముద్దను చిప్ మీదికి జాగ్రత్తగా గీకి సర్ది, దిమ్మను తిరిగి బిగించింది. యంత్రం వెలిగింది. యాభై. యాభై ఎనిమిది. అరవై ఒకటి. అరవై ఒకటి దగ్గర అంకె ఆగిపోయింది.

నేను అప్పటికప్పుడే శిక్ష విధించాను. వదినగారు చెప్పిన ప్రతి గుమ్మానికీ మావారు వెళ్ళి, నీళ్ళోసుకున్నది కంప్యూటరేనని చెప్పి రావాలి. ఆయన వెళ్ళి, ప్రతిచోటా దానర్థం కూడా విప్పి చెప్పాల్సి వచ్చి, అలిసి సొలిసి తిరిగొచ్చి, పక్క గదిలో మంచం మీద వాలిపోయారు.

తెర మీద గ్రంథాలయం గది గదిగా వెలుస్తోంది. ఆరు కావస్తుండగా చివరి కిటికీలోంచి ఎండ పడింది. కోడలు బొమ్మలు పంపింది. చేరినట్టు జవాబు రాగానే చేతుల్లో ముఖం దాచుకుంది. యంత్రం చప్పుడు చేయలేదు. ఇల్లంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో గోడ అవతలి నుంచి గర్జన మొదలైంది. విమానం నేల వదిలింది, మేఘాల్లోకి ఎక్కింది, ఈల వేసింది, మళ్ళీ దిగింది.

"ఆ ఫ్యాను ఇంకా ఆగలేదేమే?" అన్నారు వదినగారు.

కోడలు కంప్యూటర్ మీద అరచెయ్యి ఆనించి, తల అడ్డంగా ఊపింది. "ఇది కాదు పెద్దత్తయ్యా. ఇది చల్లగా పడుకుంది."

ఇద్దరు సాక్షులు. అందులో ఒకరు టముకు. ఇక ఊరికి వేరే చెప్పనక్కర్లేదు.

నిద్ర లేచి వచ్చినాయన మా ముఖాలు చూసి, చెప్పకుండానే తీర్పు తెలుసుకున్నారు.

"అమ్మాయీ, ఆ నీళ్ళు మరీ శ్రమేమో. పాత ఫ్యానే పెట్టేద్దామా? అది కాస్త చప్పుడు చేసినా... మనకలవాటేగా."

"ఇక్కడ లేదు మామయ్యా. మీరే ఎక్కడో దాచారుగా" అంది కోడలు నవ్వాపుకుంటూ.

"నేనే తీసి నా బీరువాలో పెట్టాను" అన్నాను నేను. "అది ఇప్పుడు సాక్ష్యం. దానికి మాత్రం కవరు తీయనివ్వను."