నాలుకకు రిపేరు

వీధిలో అందరూ గడియారాలాయన అని పిలిచే ఆ పెద్దమనిషికి ఇంట్లో వంటగది ఎటువైపుందో తెలుసు కానీ, అందులో ఏది ఎక్కడుందో తెలియదు. అలాంటాయన ఓ సాయంత్రం షాపు తొందరగా కట్టేసి, నూడుల్స్ పొట్లం, ఎర్రటి చైనా కారం సీసా పట్టుకుని ఇంటికొచ్చాడంటే వెనకాల పెద్ద కారణమే ఉండాలి.

ఉంది. ఆయన భార్య పంతులమ్మకి జ్వరం వచ్చి తగ్గింది గానీ, నోరు చచ్చిపోయింది. అంతకుముందు ఆవిడ బడిలో పిల్లల తప్పులు, ఇంట్లో మొగుడి తప్పులు సమానంగా దిద్దేది. కాఫీలో చక్కెర ఒక్క పలుకు ఎక్కువైనా ఊరుకునేది కాదు. ఇప్పుడేం పెట్టినా "ఏదైతేనేం లెండి" అని రెండు ముద్దలు తిని లేచిపోతోంది. ఆ సతాయింపు తప్పితే చాలని ఇన్నేళ్ళూ అనుకున్నాయనకి, తీరా తప్పాక ఇల్లు ఆగిపోయిన గడియారంలా తోచింది. ఆవిడ మళ్ళీ తనని ఒక్క మాటంటే చాలనిపించింది.

ఈ కారం తగిలితే ఎంతటి మొండి నోరైనా దారికొస్తుందని కొట్టువాడు భరోసా ఇచ్చాడు. చిక్కల్లా ఒకటే. గడియారాలాయనకి మిరియం తగిలినా ఎక్కిళ్ళే.

వాచీలకి నూనె వేసే సన్నటి పుల్లతో కారం చుక్క చుక్కగా వేయడం మొదలెట్టాడు. వెల్లుల్లి మాడింది. ఘాటుకి ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. నూడుల్స్ అన్నీ ఉమ్మడి కుటుంబంలా ఒకటే ముద్దయ్యాయి.

పంతులమ్మ తిన్నది. రుచేమైనా తెలిసిందా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. తోడుగా ఈయనా ఓ ముద్ద తిన్నాడు. కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి.

"ఏడుస్తున్నారా?"

"ఆవిరి."

మర్నాడు పుల్ల పోయి చెంచా వచ్చింది. ఆ తర్వాత గరిటె. ఆవిడ వంటింట్లో స్టూలేసుకు కూర్చుని, ఉల్లిపాయ ఎలా తరగాలో చెప్పేది. ఈయన గిన్నె కలుపుతూ, ఆ రోజు షాపుకి ఎవరొచ్చారో, ఏం గొడవపడ్డారో చెప్పేవాడు. తోడుగా ఈయన ఓ ముద్ద మింగుతుంటే, ఆవిడ పళ్ళెం ఖాళీ చేసి, చెంబెడు నీళ్ళు తాగి, ఇంకా ఏమీ తెలియడం లేదనేది. అన్ని నీళ్ళెందుకంటే డాక్టరు తాగమన్నాడనేది.

ఓ రోజు పళ్ళెంలోంచి తలెత్తకుండానే, "ఉప్పెయ్యడం మర్చిపోయారు" అంది.

ఉప్పు డబ్బా కోసం లేచినాయన సగం దారిలో ఆగిపోయాడు. "లేదని నీకెలా తెలిసింది?"

పంతులమ్మ నాలుక కరుచుకుంది. "మొదటిరోజే తెలిసింది. నోరు భగ్గుమంది."

"మరి చెప్పవేం?"

"చెబితే మర్నాడు వండేవారా? పెళ్ళయిన ఇన్నేళ్ళకి వంటింట్లో నా పక్కన నిలబడి కబుర్లు చెప్పారు. నోరు బాగైందంటే ఇదంతా పోతుందేమోనని భయమేసింది."

కోపం రావలసిన చోట ఆయనకి మళ్ళీ కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. ఇన్నాళ్ళూ తనచేత నిప్పులు మింగించిన మనిషి ముందే ముక్కు తుడుచుకున్నాడు.

"ఆవిరేనా?" అందావిడ మెల్లగా.

"ఆవిరే."

ఉప్పు తెచ్చి చల్లాడు. ఆవిడ ఒక ముద్ద తిని మొహం చిట్లించింది.

"ఎక్కువైంది," అంది.

గడియారాలాయన పెళ్ళికొడుకులా మురిసిపోతూ, మళ్ళీ పొయ్యి వెలిగించాడు.