నామాల కింద సొట్ట

పాత కారు కొన్న పౌరుని రక్షణ కోసం ప్రభుత్వం చేయని ఏర్పాటంటూ లేదు. వాటిలో ముఖ్యమైనది, అతను ఫిర్యాదు రాసుకుని, సంతకాలు పెట్టించుకుని, క్యూలో నిలబడి కిటికీ దాకా వచ్చేసరికి పాత సొట్ట ఏదో, కొత్త సొట్ట ఏదో అతనికే గుర్తు లేకుండా చేయడం. చిత్తూరులోని 'వాడిన వాహనముల పైపై లోపముల విచారణ విభాగం' ఈ పనిని ఎంతో నిష్ఠగా చేస్తోందని తిరుపతి డ్రాయింగు మాస్టరు మునికృష్ణకు 1999లో తెలిసివచ్చింది.

మునికృష్ణ ఇరవై రెండేళ్లుగా హైస్కూలు పిల్లల గీతల్లో వంకరలు పట్టినవాడు. వెంట్రుకవాసి తేడా కూడా తన కన్ను దాటిపోదని ఆయన నమ్మకం. అందుకే కారు కొనే రోజున, లారీల షెడ్డు నడిపే బావమరిది గిరిప్రసాద్ "నేనొచ్చి సూస్తా ఉండు బావా" అంటే, "నీ స్పానరు కంటే నా కన్ను మేలప్పా" అని ఒక్కడే బయల్దేరాడు.

రేణిగుంట రోడ్డులో పాత కార్లు అమ్మే గురప్ప దగ్గర తెల్ల అంబాసిడరు సిద్ధంగా ఉంది. అప్పుడే పూజ అయింది. బానెట్టు మీద బంతిపూల దండ, ఒళ్ళంతా పసుపు, గంధం, కుంకుమ బొట్లు, వెనక తలుపు మీద చేటంత నామాల స్టిక్కరు, టైర్ల కింద నలిగిన నిమ్మకాయలు. మునికృష్ణ దగ్గరికి పోబోతే గురప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"సెప్పులు ఆడ ఇడిసి రాప్పా సారూ."

అంతే. చెప్పులు విడిచినవాడు కారును చూడడు, దర్శించుకుంటాడు. మునికృష్ణ చేతులు జోడించి మూడుసార్లు చుట్టూ తిరిగి (దీన్నే ఆయన ఇంట్లో 'క్షుణ్ణంగా తనిఖీ చేశా' అని చెప్పాడు), హారతి కళ్ళకద్దుకుని, కారు తెచ్చుకున్నాడు.

నాలుగో రోజు వాన పడింది. పసుపూ గంధమూ కాలవలో కలిశాయి. వాటి కింద గీతలు. గీతలనైతే ఓర్చుకోవచ్చు. నామాల స్టిక్కరు మీద అరచెయ్యి ఆనిస్తే, చెయ్యి లోపలికి పోయింది.

పీకి చూద్దామని మునికృష్ణ అంచున గోరు పెట్టాడు. భార్య పంకజాక్షి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"దేవుని నామాల్ని గోరుతో గీకతారా? మతి ఉండాదా మీకు? కండ్లు పోతాయి!"

కళ్ళే ఆస్తిగా బతికేవాణ్ణి బెదిరించడానికి ఇంతకంటే మాట లేదు. గిరిప్రసాద్ వచ్చి, సొట్టను తడిమి, ఏమీ అనకుండా కాఫీ తాగి వెళ్ళాడు. ఆ ఏమీ అనకపోవడమే మునికృష్ణను తినేసింది. తన కన్ను తప్పు చేయలేదనీ, గురప్పే దాచిపెట్టాడనీ ఎవరైనా కాగితం మీద ముద్ర వేసి ఇస్తే తప్ప ఆ ఇంట్లో ఆయనకు అన్నం సయించదు.

విభాగం సూపరింటెండెంటు కుప్పయ్య ఆయన్ను ఆదరంగా కూర్చోబెట్టి నిబంధన చదివి వినిపించాడు. గూడూరు నిమ్మకాయను ఆనిస్తే దొర్లకుండా నిలిచేదే సొట్ట. దొర్లితే అది వంపు. వంపులకు ఫిర్యాదు లేదు. (వేరే ఊరి నిమ్మకాయలు చెల్లవు.)

"నిలువు తలుపు మీద నిమ్మకాయ యాడ నిలస్తాది సార్?"

"తలుపులు నిలువుగా పెట్టమని మేం సెప్పలేదప్పా."

తర్వాత సొట్ట ఫొటో కావాలన్నారు. మునికృష్ణ స్టూడియో వాణ్ణి ఇంటికి పిలిపించి తీయించాడు. ఫొటో అద్భుతంగా వచ్చింది. సొట్ట పడలేదు కానీ నామాలు ధగధగలాడాయి. కిటికీలోని గుమాస్తా వరలక్ష్మమ్మ దాన్ని కళ్ళకద్దుకుని లోపలికి తీసుకుంది. పై వారం మునికృష్ణ వెళ్ళేసరికి అది అద్దాల ఫ్రేములో, మూర మల్లెపూలతో, కుప్పయ్య కుర్చీ వెనక గోడ మీద ఉంది. ఫైలు మీద మాత్రం ఎర్ర సిరాతో 'ఫొటో జతపరచలేదు' అని ఉంది.

"ఆ పటమే సార్ నా ఫొటో!"

"దించమంటావా? సుక్రారం పూట?" అన్నాడు కుప్పయ్య బాధగా.

ఇక మిగిలింది స్థల పరిశీలన. కుప్పయ్య సీలు వేసిన కవరులో నిమ్మకాయతో బస్సు దిగి వచ్చాడు. గేటు దగ్గరే, ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచాడు. పంకజాక్షి కర్పూరం వెలిగించింది.

"సొట్ట ఈ స్టిక్కరు కిందనే ఉండాది సార్. మీరే పీకి సూడండి."

"నాకు పెండ్లాం బిడ్డలుండారప్పా," అన్నాడు కుప్పయ్య. నిమ్మకాయను టైరు ముందు పెట్టి, చుట్టూ మూడుసార్లు తిరిగి, హారతి అద్దుకుని మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు.

పక్షం రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. 'సదరు వాహనమును ముమ్మారు చుట్టి పరిశీలించడమైనది. ఎట్టి లోపమునూ కానరాలేదు. ఫిర్యాదుదారు స్వయముగా డ్రాయింగు ఉపాధ్యాయుడై ఉండి, కొన్ననాడు చూచి తృప్తి చెందినందున, లోపము లేదనుటకు ఆయన కన్నే ప్రధాన సాక్ష్యము.' కింద గుండ్రటి ముద్ర.

గిరిప్రసాద్ ఆ రాత్రి భోజనాల దగ్గర దాన్ని రెండుసార్లు గట్టిగా చదివాడు. రెండోసారి చదవాల్సిన అవసరం నిజానికి లేదు. మునికృష్ణ సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ కారు కళ్ళ ముందుంటే బతకలేననుకుని అమ్మేయడానికి నిశ్చయించాడు.

ఉత్తర్వును లామినేషను చేయించి ముందు అద్దానికి అంటించాడు. లోపం లేదని సర్కారే ముద్ర వేసిన పాత కారు జిల్లాలో ఇంకోటి లేదు. పంకజాక్షి పసుపు కలిపింది, గంధం తీసింది, బంతిపూలు కట్టింది.

ఆదివారం ఉదయం హరినాథ్ అని ఒక ఇంజనీరు వచ్చాడు. శ్రీహరికోటలో ఉద్యోగం, రాకెట్టు అతుకుల్లో కంటికి ఆనని పగుళ్ళు వెతకడం ఆయన పని. చేతిలో టార్చిలైటు, జేబులో భూతద్దం. ఆయన నేరుగా వెనక తలుపు వైపు నడిచాడు.

మునికృష్ణ చెయ్యి అడ్డం పెట్టాడు.

"సెప్పులు ఆడ ఇడిసి రాప్పా సారూ."