సర్వర్ పడిపోయింది

ఆ రోజు ఉదయం హెడ్డుగారి కార్యక్రమం చాలా తేలికైనది. కాఫీ తాగాలి, పేపరు చదవాలి, అల్లుడు పనిచేస్తుంటే దూరం నుంచి చూసి మురిసిపోవాలి. అల్లుడి పని తెమలగానే అందరూ బజారుకెళ్ళి భార్యకి చెప్పులు కొనాలి. అంతే.

హెడ్డుగారు అన్నది ఆయన పేరు కాదు. పెద్ద హోటల్లో సర్వర్‌గా చేరి, హెడ్ సర్వర్‌గా రిటైరైన మనిషి. మధ్యలో కొన్నాళ్ళు సర్వర్ల సంఘానికి అధ్యక్షుడిగా కూడా చేశారు. ఆ హోదా ఎంత ముదిరిపోయిందంటే, కోపం వచ్చినప్పుడు భార్య కూడా ఆయన్ని అలాగే పిలుస్తుంది. కూతురు ఫలానా అబ్బాయిని చేసుకుంటానన్నప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఏం చేస్తాడమ్మా?"

"హోటళ్ళ కంపెనీలో నాన్నా. ఎనిమిది హోటళ్ళలో సర్వర్లన్నీ తనే చూసుకుంటాడు."

'సర్వర్లందర్నీ' అనాల్సిన చోట 'సర్వర్లన్నీ' అందేమిటని అప్పుడే అనుమానించాల్సింది. కానీ "మన లైనే!" అని పొంగిపోయిన హెడ్డుగారి సంతోషంలో వ్యాకరణం కొట్టుకుపోయింది. అప్పటినుంచి కనబడ్డవాడికల్లా, ఎనిమిది హోటళ్ళ సర్వర్లని ఇంట్లో కూర్చుని ఒంటిచేత్తో ఆడించే అల్లుడి గురించి చెప్పుకుంటూనే ఉన్నారు. నిన్న సాయంత్రమే మొదటిసారి భార్యతో సహా కూతురింటికి వచ్చారు. కూతురు పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయింది. అల్లుడు పక్కగదిలో ఎవరో అమ్మాయితో ఫోనులో మాట్లాడుతున్నాడు. తలుపు ఓరగా తెరిచే ఉంది.

"చూడమ్మా, ఆ బీచ్ హోటల్ సర్వర్‌తో ఇంక నా వల్ల కాదు. ముసలిదైపోయింది. ఒక్క ఆర్డరు వంటగదికి చేరవెయ్యడానికి యుగం పడుతోంది."

హెడ్డుగారు పేపరు దించారు. ముసలిదా? పెద్దవయసు ఆడమనిషిని పట్టుకుని ఆ మాటేమిటి? తన హయాంలో సర్వర్ని 'అది' అన్న మేనేజర్ చేత అందరి ముందూ క్షమాపణ చెప్పించిన మనిషాయన.

"మొన్న మధ్యాహ్నం రద్దీలో పడిపోయింది కదా, రెండుసార్లు లేపాను. లేచినట్టే లేచి మళ్ళీ పడింది. ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోందన్నావు. ఆ గదిలో ఫ్యాను కూడా తిరగట్లేదాయె."

హెడ్డుగారు కప్పు కింద పెట్టి తలుపువైపు జరిగారు.

"జాలెందుకమ్మా? ఇవాళ చంపేస్తాను. నువ్వక్కడే ఉన్నావుగా, గోనెసంచిలో చుట్టి వెనక గుమ్మంలోంచి పంపించెయ్. కస్టమర్ల కంట పడకూడదు. కొత్తది రెడీగానే ఉంది. ఆర్డరు టైపు చేసి పెట్టాను, ఎంటర్ కొట్టడమే తరువాయి. స్నానం చేసొచ్చి కొడతా."

అల్లుడు ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్ళాడు. ఆ ఈల విన్నాక హెడ్డుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క అంగలో వంటింట్లోకి వెళ్ళారు.

"ఏమే, నీ అల్లుడు మనిషి కాదే! ముసలావిణ్ణి చంపి గోనెసంచిలో చుట్టమంటున్నాడు!"

"ఎవర్ని?" అంది అత్తగారు, గరిటె వదలకుండా.

"సర్వర్ని! బీచ్ హోటల్లో ముసలావిడ. జ్వరంతో ఒళ్ళు కాలిపోతోందిట. ఫ్యానైనా లేని గదిలో పడేశారు."

"రాత్రి నేను దగ్గితే వేణ్ణీళ్ళు తెచ్చిచ్చాడండీ. అలాంటి పిల్లాడు చంపడమేమిటి? సరిగ్గా విన్నారా?"

"గోనెసంచి అన్నది కూడా నేనే కల్పించానా? నువ్విక్కడే ఉండు. నేనాపుతాను."

ఇక్కడ చదివేవారికి ఒక సంగతి చెప్పేస్తే మంచిది. అల్లుడు చూసుకునేది మనుషుల్ని కాదు, యంత్రాలని. ఒక్కో హోటల్లో ఒక్కో కంప్యూటర్ పెట్టె ఉంటుంది, దాన్నీ సర్వరే అంటారు. టేబుల్ దగ్గర తీసుకున్న ఆర్డరు వంటగదికి చేరాలన్నా, బిల్లు బయటికి రావాలన్నా ఆ పెట్టె బతికి ఉండాలి. అది స్టోర్ వెనక తాళం వేసిన చిన్నగదిలో ఉంటుంది. అల్లుడు ఇంట్లో కూర్చుని నల్లటి తెరమీద ఒక్క లైను టైపు చేస్తే చాలు, ఎంత దూరంలో ఉన్న పెట్టె అయినా చెప్పిన పని చేస్తుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసని కూతురు అనుకునేది. నిజానికి ఇప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ స్నానాలగదిలో ఉన్నారు.

హెడ్డుగారు పిల్లిలా గదిలోకి వెళ్ళారు. నల్లటి తెర, దానిమీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. వేలు పెట్టి కూడబలుక్కున్నారు. షట్‌డౌన్. సర్వర్. బీచ్. షట్ అంటే మూసెయ్యడం, డౌన్ అంటే కింద. నోరు మూసి కింద పడెయ్యమని రాతపూర్వకంగా ఉంది! ఇంక సాక్ష్యం దేనికి?

బిల్లుల మిషను నొక్కిన అనుభవం ఉంది కాబట్టి, అక్షరాలు చెరిపే మీట ఏదో ఆయనకి తెలుసు. చివర్నుంచి మొదలుపెట్టారు. బీచ్ అన్న మాట ఒక్కో అక్షరమే మాయమైంది. మిగతాది కూడా చెరిపేవారే, ఈలోగా స్నానాలగది గడియ తీసిన చప్పుడైంది. పోనీలే, పేరే లేకపోతే ఎవర్ని చంపుతాడు? పెద్దావిడ ప్రాణం దక్కింది. హెడ్డుగారు తేలికపడ్డ గుండెతో హాల్లోకి వచ్చి, పేపరు వెనక దాక్కుని, పేపరు మీదుగా చూస్తూ కూర్చున్నారు.

అల్లుడు తల తుడుచుకుంటూ వచ్చాడు. తువ్వాలు కళ్ళమీద ఉంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఉంది. "ఆఁ, రెడీయేనా అమ్మా? కొట్టేస్తున్నా," అని తెరవైపు చూడకుండానే ఎంటర్ కొట్టాడు. తెర ఏదో అడిగింది. అది ఎప్పుడూ 'నిజంగానేనా?' అనే అడుగుతుంది. ఎప్పట్లాగే అవునని కొట్టాడు.

ఆ నల్లతెర చాలా వినయంగలది. హోటల్ పేరు చెబితే ఆ ఒక్క హోటల్ సర్వర్నే ఆపుతుంది. పేరు చెప్పకపోతే ఏ హోటలూ కాదనుకోవాలి కదా? అది అలా అనుకోలేదు. అన్ని హోటళ్ళూ అనుకుంది.

మరుక్షణం గదిలోంచి ఒక కేక.

"చచ్చాం! ఎనిమిదీ పడిపోయాయి!"

హెడ్డుగారు పేపరు పక్కన పడేశారు. ఎనిమిదా? ఒక్కరిని కాపాడితే ఎనిమిదిమంది పోయారా? తలుపు సందులోంచి అల్లుడి గొంతు తారాజువ్వలా దూసుకొస్తోంది.

"ఒక్కటీ పలకట్లేదమ్మా! ఇక్కణ్ణుంచి ఎంత పిలిచినా లేవట్లేదు. పూర్తిగా పోతే నేనేం చెయ్యగలను, ఎవరో ఒకరు దగ్గరికెళ్ళి బొత్తాం నొక్కాలి... హలో, స్టేషన్ హోటలా? మేనేజర్‌గారూ, మీ సర్వర్ పోయింది. స్టోర్ వెనక గదిలో పడేసి తాళం వేసుంది చూడండి... తాళంచెవి లేదా? డైరెక్టర్‌గారి దగ్గరుందా? బీచ్ హోటల్ది తప్ప అన్ని గదులవీ ఆయన జేబులోనేనా! ఆయనెక్కడ? విమానంలోనా!"

గదిలో పడేసి తాళం వేశారు. హెడ్డుగారి బుర్ర సంఘం రోజుల్లోలా చురుగ్గా పనిచేసింది. ఫోను తీసి ఇప్పటి అధ్యక్షుణ్ణి పట్టుకున్నారు.

"తమ్ముడూ, ఎనిమిది హోటళ్ళలోనూ మనవాళ్ళు ఉన్నారా?"

"ఎందుకు లేరన్నా? అందరూ మధ్యాహ్నం డ్యూటీకి తయారవుతున్నారు."

"ఒక్కో హోటల్లో ఒక్కో సర్వర్ని స్టోర్ వెనక గదిలో బంధించారు. ఊపిరాడక పడిపోయారు. మేనేజర్లకి తెలుసు. నా చెవులారా విన్నాను."

"అన్నా, మా వాళ్ళంతా బాగానే ఉన్నట్టున్నారే!"

"కనబడితే బంధించడం ఎందుకవుతుందయ్యా? కంటబడకుండా గోనెసంచీలు కూడా సిద్ధం చేశారు!"

అవతల గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "అన్నా, ఫోను పెట్టెయ్. మిగతాది నేను చూసుకుంటా."

తర్వాత జరిగింది హెడ్డుగారు కళ్ళారా చూడలేదు, చూసినవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. స్టేషన్ హోటల్లో సర్వర్లు ట్రేలు బల్లమీద పెట్టి ఒక్కుమ్మడిగా స్టోర్‌వైపు నడిచారట. కొండమీద హోటల్లో తలుపుకి అడ్డం నిలబడ్డ మేనేజర్ని కుర్చీతో సహా ఎత్తి పక్కన పెట్టారట. ఇంకోచోట వంటవాళ్ళు కూడా అట్లకాడలతో కలిశారట. సూపు కోసం ఎదురుచూస్తున్న ఒక పెద్దమనిషి సంగతి విని, నేప్‌కిన్ మెడలో ఉండగానే వెళ్ళి తలుపుకి భుజం ఆనించాడట.

ఇంట్లో అల్లుడు తల పట్టుకుని కూర్చున్నాడు. "అయిపోయింది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఎనిమిది హోటళ్ళూ నోరెళ్ళబెడతాయి. సాయంత్రానికి నా ఉద్యోగం ఉండదు. ఎవరైనా వెళ్ళి ఆ తలుపులు బద్దలుకొడితే తప్ప..."

గుమ్మంలో హెడ్డుగారు నిలబడి ఉన్నారు. వెనక అత్తగారు, చేతిలో బట్టలపెట్టెతో. పెట్టె సర్దమని ఆయనే చెప్పారు. కూతుర్ని తీసుకుపోవాలని నిశ్చయం.

"అల్లుడుగారూ," అన్నారాయన. "ఎనిమిదిమంది ఉసురు పోసుకుని ఉద్యోగం గురించి ఏడుస్తున్నారా?"

"ఎనిమిదిమందా? ఎవరు మామయ్యగారూ?"

"సర్వర్లు!"

అల్లుడు నోరు తెరిచేలోగా ఫోను మోగింది. స్టేషన్ హోటల్ మేనేజర్. గదిలో ముగ్గురికీ వినబడేంత గట్టిగా అరుస్తున్నాడు.

"సార్, మా సర్వర్లు తలుపు పగలగొట్టేశారు!"

"ఏ తలుపు?"

"ఆ వెనకగది తలుపే సార్! లోపల మనిషెవరూ లేరని ఇప్పుడు నామీద పడుతున్నారు. 'ఎక్కడ దాచావు?' అంటున్నారు. లోపల ఒక నల్లపెట్టె తప్ప ఏమీ లేదు సార్!"

అల్లుడు కుర్చీలోంచి స్ప్రింగులా లేచాడు. "ఆ నల్లపెట్టే కావాలి! దానిమీద బొత్తాం ఉంటుంది, నొక్కించండి! గట్టిగా నొక్కి పట్టుకోమనండి!"

నల్లతెర మీద ఒక ఆకుపచ్చ అక్షరాల వరస మెరిసింది. అల్లుడు గాల్లోకి ఎగిరాడు. మళ్ళీ ఫోను. కొండమీద హోటల్ తలుపు కూడా ఊడిందట. మళ్ళీ ఫోను. మళ్ళీ ఆకుపచ్చ వరస. ఒక్కొక్కటే వెలుగుతుంటే అల్లుడు కేరింతలు కొడుతున్నాడు. ఎందుకో తెలియకుండానే అత్తగారు కూడా పెట్టె కింద పెట్టి చప్పట్లు కొట్టింది. భోజనాల రద్దీ మొదలయ్యేసరికి, ఎలాగూ మార్చాల్సిన బీచ్ హోటల్ది తప్ప ఏడూ లేచి కూర్చున్నాయి.

"లేచారా?" అన్నారు హెడ్డుగారు, కంగారుగా. "అందరూ లేచారా?"

అల్లుడు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నల్లపెట్టె ఫోటో చూపించాడు. అదే సర్వర్ అన్నాడు. హెడ్డుగారు ఫోటో వైపు, అల్లుడి వైపు, మళ్ళీ ఫోటో వైపు చూశారు.

"మరి ముసలావిడ?"

"ముసలిది అన్నది దీన్నేనండీ."

"ఒళ్ళు కాలిపోవడం?"

"లోపలి ఫ్యాను పాడైంది."

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. హెడ్డుగారు ఫోటో తిరిగి అల్లుడి చేతిలో పెట్టారు. తర్వాత నెమ్మదిగా అన్నారు.

"బీచ్ అన్న మాట చెరిపింది నేనే బాబూ. పేరు లేకపోతే ప్రాణం దక్కుతుందనుకున్నాను."

అల్లుడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "తెర చూడకుండా ఎంటర్ కొట్టింది నేనే కదా మామయ్యగారూ," అన్నాడు చివరికి.

"ఆ బీచ్ పెట్టె... ఎన్నేళ్ళు చేసింది?"

"పదకొండేళ్ళు."

"సెలవు పెట్టకుండా?"

"రాత్రీ పగలూ."

"గోనెసంచి వద్దయ్యా," అన్నారు హెడ్డుగారు. "ఏదైనా మంచి గుడ్డలో చుట్టమను."

సాయంత్రం విమానం దిగగానే డైరెక్టర్ ఫోను చేశాడు. అల్లుడు లేచి నిలబడి, స్పీకర్ నొక్కి, తిట్లకోసం కళ్ళు మూసుకున్నాడు.

"ఎనిమిది సర్వర్లు ఒకేసారి పోతే, గంట తిరక్కుండా ఎనిమిది చోట్లా మనుషులు దిగారట! తాళంచెవులు నా జేబులో ఉన్నా ఆగలేదట! మనకి ఇంత ఏర్పాటు ఉందని నాకే తెలియదు. ఎవరయ్యా ఇదంతా నడిపించింది?"

అల్లుడు మామగారి వైపు చూశాడు. హెడ్డుగారు గోడవైపు చూశారు.

"మా మామగారండీ. హెడ్ సర్వర్‌గా చేశారు."

"హెడ్ సర్వరా!" డైరెక్టర్ గొంతులో గౌరవం ఉట్టిపడింది. "అంటే సర్వర్లన్నిటికీ పైవారా? మీ ఇంట్లో అంత అనుభవం ఉన్న మనిషిని పెట్టుకుని ఇన్నాళ్ళూ చెప్పవేమయ్యా? ఆయన్ని ఒకసారి ఇవ్వు."

అల్లుడు వివరించబోయాడు. కానీ అప్పటికే హెడ్డుగారు చొక్కా సర్దుకుని ఫోను అందుకున్నారు. సర్వర్లని ఎలా చూసుకోవాలో చెప్పడం మొదలుపెట్టారు. గాలి ఆడే గది ఉండాలన్నారు. రద్దీకి ముందు విశ్రాంతి ఇవ్వాలన్నారు. ఒకరు పడిపోతే పక్కవారు అందుకునేలా ఎప్పుడూ ఇద్దర్ని పెట్టాలన్నారు. తాళం చెవి జేబులో పెట్టుకు తిరిగేవాడు యజమాని కాడని కూడా అన్నారు. డైరెక్టర్ ప్రతి మాటకీ "అద్భుతం" అంటూనే ఉన్నాడు.

సోమవారం నుంచి అల్లుడికి సెలవు కావాలంటే దరఖాస్తు మీద మామగారి సంతకం ఉండాలి.