సున్నా కేలరీల పొట్ట

ఆల్కహాల్ లేని బీరును ప్రజారోగ్య పానీయంగా మద్యనిషేధ శాఖ మంత్రిగారు ప్రకటించారు. ప్రకటించి ఊరుకునే మనిషి కారాయన. ఏడాదిపాటు ప్రతి సభలో, ప్రతి కెమెరా ముందు సీసా ఎత్తి తాగి, మూతి తుడుచుకుని, దాని మీది అక్షరాలు చదివి వినిపించారు. "ఆల్కహాల్ సున్నా. కేలరీలు సున్నా." సీసా తయారయ్యేది ఆయన బావమరిది ఫ్యాక్టరీలో. అది యాదృచ్ఛికమని మంత్రిగారే చాలాసార్లు చెప్పారు.

ఏడాది తిరిగేసరికి మంత్రిగారి కన్నా ముందు ఆయన పొట్ట వేదిక ఎక్కసాగింది.

"అది బీరు పొట్టే," అన్నారు ప్రతిపక్ష నాయకురాలు సభలో. "సీసాలో అసలు సరుకు పోయించుకుంటున్నారు. కాదని రుజువు చేయండి, లేదా దిగిపొండి."

మంత్రిగారు నొచ్చుకున్నారు. ఇన్నేళ్ళలో తన మీద పడ్డ నిందల్లో నిజం కానిది ఇదొక్కటే. పుట్టి బుద్ధెరిగాక ఆయన మద్యం ముట్టలేదు.

డాక్టరును ఇంటికి పిలిపించారు.

"మీరు తాగరని రాసిస్తాను సార్. మీ లివర్ పసిపిల్లాడి లివర్‌లా ఉంది."

"మరి పొట్ట?"

"ఆల్కహాల్ తీశారు గానీ చక్కెర తీయలేదు కదా. సీసాకు నూట యాభై కేలరీలు. రోజుకు ఏడు సీసాలు. రాక చస్తుందా?"

"అదీ రాయండి."

"రాస్తాను సార్. లేకపోతే ఎవరూ నమ్మరు."

మంత్రిగారి ప్రాణం లేచొచ్చింది. పక్కగదిలోంచి బావమరిది కూడా లేచొచ్చాడు.

"బావా, కేలరీలున్నాయని రాస్తే నా లేబుల్ అబద్ధమనేగా. ఫ్యాక్టరీకి తాళం పడుద్ది."

"రాయకపోతే నా పదవి పోద్దిరా."

"పదవి పోతే ఇంకోటి వస్తుంది. ఫ్యాక్టరీ అక్క పేరు మీద ఉంది."

అక్క, అంటే మంత్రిగారి భార్య, గుమ్మంలోనే నిలబడి ఉంది.

"వాడు చెప్పేది కాస్త వినండి," అంది.

మర్నాడు మంత్రిగారు విలేకరుల ముందు తలవంచుకుని, ఏడాదిగా దొంగచాటుగా అసలు బీరే తాగుతున్నానని ఒప్పుకున్నారు.

"మా బావమరిది సీసాకు ఏ పాపమూ తెలీదు. అందులో కేలరీల్లేవు. ఉన్నవన్నీ నావే."

రాజీనామా మీద అక్కడే సంతకం పెట్టారు.

జనం కరిగిపోయారు. ఇంత నిజాయితీ ఈమధ్య చూడలేదని పత్రికలు రాశాయి. ప్రతిపక్ష నాయకురాలు సైతం కళ్ళు తుడుచుకున్నారు. మధ్యాహ్నానికల్లా పార్టీ పెద్దాయన నుంచి ఫోన్ వచ్చింది.

"పరిశ్రమల శాఖ తీసుకోవయ్యా. ఇన్నాళ్ళూ నువ్వు మాలాంటివాడివి కాదేమో అనుకున్నాం. సాయంత్రం మా ఇంటికి రా, మనవాళ్ళంతా వస్తున్నారు. నీకోసం డజను సీసాలు చల్లగా పెట్టించాను."

మంత్రిగారు ఫోన్ పెట్టేశారు. తర్వాత బావమరిదిని పిలిచి తలుపు వేయమన్నారు.

"ఒరేయ్, మొదటిసారి తాగేవాణ్ణి చూస్తే తెలిసిపోద్దా?"